జిరాక్స్ అంగట్లో చిటికెనవేలు

పాపఘ్ని కొండను చీల్చుకొని బయటికొచ్చే చోటు గండి. కడప జిల్లా చక్రాయపేట మండలంలోని ఈ క్షేత్రానికి శ్రావణమాసం శనివారాల్లో జనం పోటెత్తుతారు. ఇక్కడి వీరాంజనేయస్వామి గురించి స్థలపురాణంలో ఒక కథ ఉంది. రాముడు ఇక్కడ ఆగి, బాణం మొనతో బండమీద ఆంజనేయుడి బొమ్మ గీశాడట. అంతా పూర్తయింది గానీ ఎడమచేతి చిటికెనవేలు మాత్రం అరకొరగా మిగిలిపోయిందట. యుగాలు గడిచాక, విజయనగర రాజుల కాలంలో వ్యాసరాయలు అనే యతి ఆ గీతల వెంబడి ఉలి నడిపి విగ్రహంగా మలిచారట. ఆ వేలి దగ్గరికొచ్చేసరికి రాతిలోంచి నెత్తురు కారిందట. ఉలి పక్కన పెట్టేశారు.

గీసిందొకరు, చెక్కిందొకరు. విగ్రహం ఎవరిదని గండిలో ఎవరూ పంచాయితీ పెట్టలేదు. కంప్యూటర్ల లోకంలో మాత్రం ఈ పంచాయితీ ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచింది.

చక్రాయపేటలోనైనా, పక్కనున్న వేంపల్లెలోనైనా బస్సు దిగి నాలుగడుగులు వేస్తే ఒక బోర్డు కనబడుతుంది: జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ సర్వీసులు. ఆధార్ కార్డుకో పాసుపుస్తకానికో నకలు కావాలంటే ‘రెండు జిరాక్సులు తియ్యన్నా’ అంటారు. ఒక కంపెనీ పేరు ఇక్కడ నకలుకే పేరైపోయింది. తమాషా ఏమిటంటే, కాపీ మిషన్లు అమ్ముకున్న ఆ కంపెనీ ఆలోచనలనే లోకమంతా కాపీ కొట్టింది.

జిరాక్స్ 1970లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ‘పార్క్’ అనే పరిశోధన కేంద్రం తెరిచింది. 1973లో అక్కడ తయారైన ఆల్టో కంప్యూటర్ తెరమీద కిటికీలు తెరుచుకునేవి, మౌస్‌తో వాటిని కదిలించేవాళ్లు. ఆ మౌస్ కూడా వాళ్ల సొంతం కాదు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ నిండు సభలో ఆడించి చూపినదే. 1979 డిసెంబరులో ఆపిల్ కంపెనీకి చెందిన స్టీవ్ జాబ్స్ పార్క్‌కు వెళ్లి ఈ వింతంతా చూసొచ్చాడు. జిరాక్స్ వాళ్లేమీ ఊరికే చూపించలేదు. ఆపిల్ షేర్లు మార్కెట్లోకి రాకముందే లక్ష షేర్లు పది లక్షల డాలర్లకు కొనుక్కునే అవకాశం పుచ్చుకున్నారు. తర్వాతి కథ తెలిసిందే: 1983లో ఆపిల్ లీసా, 1984 జనవరిలో మకింటాష్, 1985 నవంబరులో మైక్రోసాఫ్ట్ విండోస్.

మొదటి విండోస్‌లో కిటికీలు బండపరుపు రాళ్లలా పక్కపక్కనే ఉండేవి. రెండో విండోస్‌లో ఒకదానిమీద ఒకటి పరుచుకున్నాయి, అచ్చం మకింటాష్‌లో లాగే. 1988 మార్చిలో ఆపిల్ దావా వేసి 189 పోలికలు ఏకరువు పెట్టింది. వాటిలో 179 పోలికలు 1985లో ఆపిల్ తానే రాసిచ్చిన ఒప్పందం కిందికి వస్తాయని జడ్జి తేల్చాడు. మిగతా పదిలోనూ చాలావరకు ఎవరి సొత్తూ కావన్నాడు. ఈ రభస నడుమ 1989 డిసెంబరులో జిరాక్స్ లేచి, అసలు మాది కదా అంటూ ఆపిల్ మీద దావా వేసింది. కొన్ని నెలల్లోనే కేసు చాలావరకు వీగిపోయింది. ఆపిల్ కేసు 1994లో అప్పీలు కోర్టులో ఓడి, 1995లో సుప్రీంకోర్టు గడప దగ్గర ఆగిపోయింది.

కోర్టులు పట్టుకున్న సూత్రం తెలుగువాళ్లకు కొత్తది కాదు. ఆటవెలది ఛందస్సు ఎవరి సొత్తూ కాదు, అందులో వేమన చెప్పిన పద్యం వేమనది. కాపీరైటు పద్యానికే గానీ ఛందస్సుకు ఉండదు. మన దేశంలోనూ అంతే. కంప్యూటర్ ప్రోగ్రాముకు కాపీరైటు చట్టం రక్షణ ఉంది. పేటెంటు చట్టం 3(కె) సెక్షన్ మాత్రం ఉత్త ప్రోగ్రాముకు పేటెంటు ఇవ్వొద్దంటుంది.

పార్క్ నుంచి వచ్చిన అరువు సొమ్ముల్లో అన్నిటికంటే ఎక్కువ వాడకంలో ఉన్నది తెరమీద కనబడేది కాదు, వేలికి తగిలేది. లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు 1970ల నడిమధ్యన అక్కడ జిప్సీ అనే రాత పరికరం తయారుచేస్తూ, ఒకచోట అక్షరాలు కత్తిరించి ఇంకోచోట అతికించే పద్ధతిని కుదిర్చారు. టెస్లర్ తర్వాత ఆపిల్‌కు మారాడు. అక్కడ జెడ్, ఎక్స్, సి, వి మీటలను వరసగా చేసినది రద్దు చేయడానికి, కత్తిరించడానికి, నకలు తీయడానికి, అతికించడానికి కేటాయించారు. మకింటాష్‌లో వాటితో కలిపి నొక్కే కమాండ్ మీట బొటనవేలి కింద ఉంటుంది. ఐబీఎం తరహా కీబోర్డుకు ఆ మీట లేదు. అందుకని ఇదే అలవాటు విండోస్‌కు వలస వచ్చినప్పుడు ఆ భారం మూలనున్న కంట్రోల్ మీట మీద పడింది. దాన్ని నొక్కేది ఎడమచేతి చిటికెనవేలు. పొద్దుగూకులూ కంట్రోల్-సి, కంట్రోల్-వి కొట్టే డీటీపీ ఆపరేటర్‌ను అడిగితే, గండిలో వ్యాసరాయలను ఆపిన ఆ వేలే తనకూ సలుపుతోందని చెబుతాడు.

ఇంతకీ మకింటాష్, విండోస్ లాంటి ఈ ఆపరేటింగ్ సిస్టమ్ చేసే పనేమిటి? చెరువు కింద పొలాలున్న ఊళ్లలో నీరుగంటి అని ఒక మనిషి ఉండేవాడు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో, ఎంతసేపు వదలాలో ఆయన చేతిలో పని. ఒకరి వంతు కాగానే కాలువకు అడ్డం వేసి రెండోవారికి మళ్లిస్తాడు. కంప్యూటర్‌లో ప్రాసెసర్ చెరువైతే, పాటలు, టైపింగు, ఇంటర్నెట్ అన్నీ పొలాలు. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కోదానికి మిల్లీసెకన్ల లెక్కన వంతులు పంచుతుంది. ఆ మళ్లింపు ఎంత వేగంగా జరుగుతుందంటే అన్ని మళ్లూ ఒకేసారి తడుస్తున్నట్టు కనబడుతుంది. మెమరీలో గట్లు వేసి ఒకరి నీళ్లు ఇంకొకరి మడిలోకి పొర్లకుండా చూసేదీ, ప్రింటరుతో మాట్లాడేదీ అదే. కిటికీలు, రంగులు, బొమ్మలు నీరుగంటి తలపాగా లాంటివి. జనం పోట్లాడుకునేది ఎక్కువగా తలపాగా గురించే.

ఈ పంపకం పద్ధతుల్లోనూ అరువులే. 1969లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యునిక్స్ మొదలుపెట్టారు. అంతకుముందు వాళ్లు పనిచేసి వదిలేసిన మల్టిక్స్ అనే భారీ పథకం పేరును వెక్కిరిస్తూ పుట్టిన పేరది. 1987లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ పిల్లలకు పాఠం చెప్పడానికి యునిక్స్ పోలికలతో మినిక్స్ రాశాడు. ఆ మినిక్స్‌ను తన కొత్త కంప్యూటర్‌లో వేసుకున్న హెల్సింకి కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్, 1991 ఆగస్టు 25న తానూ ఒకటి సరదాగా రాస్తున్నానని ప్రకటించాడు. అదే లినక్స్. మరుసటి ఏడాది దాన్ని రిచర్డ్ స్టాల్‌మన్ రూపొందించిన జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చాడు: ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని పదిమందికి పంచితే మాత్రం ఆ కోడ్‌ను కూడా అదే షరతు మీద వాళ్ల చేతిలో పెట్టాలి.

మినిక్స్ నుంచి ఆ కుర్రాడు కోడ్ దొంగిలించి ఉంటాడని 2004లో అమెరికాలో ఒకాయన వాదించాడు. దానికి అడ్డుపడ్డది టానెన్‌బామే. లినక్స్ నిర్మాణం తనకు నచ్చలేదని 1992లోనే బాహాటంగా పోట్లాడిన మనిషి, దొంగతనం మాట వచ్చేసరికి కాదని సాక్ష్యం చెప్పాడు. గీతలు చూసి నేర్చుకోవడం వేరు, రాయిని ఎత్తుకుపోవడం వేరు అన్నది ఆయనకు తెలుసు.

ఇచ్చిపుచ్చుకోవడం అన్ని దిక్కులా ఉంది. ఒకప్పటి విండోస్‌లోని ఎఫ్‌టీపీ అనే ఫైళ్లు పంపే ప్రోగ్రామును విప్పి చూస్తే లోపల కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కాపీరైటు ముద్ర కనబడేది. ఆ ముక్క అదే విశ్వవిద్యాలయపు బర్క్‌లీ యునిక్స్ నుంచి న్యాయంగానే తెచ్చుకున్నది. 2001లో వచ్చిన మాక్ ఓఎస్ టెన్ పునాదుల్లోనూ బర్క్‌లీ రాళ్లున్నాయి. పొలం గట్టున కూర్చుని యూట్యూబ్ చూసే రైతు చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు గుండెకాయ లినక్స్. అదే ఆండ్రాయిడ్‌లో జావా భాష నుంచి తీసుకున్న 11,500 పంక్తుల కోసం ఒరాకిల్, గూగుల్ పదేళ్లకు పైగా కొట్లాడుకున్నాయి. 2021 ఏప్రిల్ 5న అమెరికా సుప్రీంకోర్టు 6-2 తేడాతో గూగుల్ వాడుక న్యాయమైనదేనంది.

తెలుగు అక్షరాలు కూడా కంప్యూటర్‌లోకి అరువు బండి ఎక్కే వచ్చాయి.

యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. ‘క’ సంఖ్య 3093. దేవనాగరిలో ‘క’ శబ్దానికి 2325. తేడా 768. ‘జ’కు చూసినా, ‘మ’కు చూసినా తేడా అదే 768. కారణం ఏమిటంటే, భారత ప్రభుత్వం 1980ల్లో అన్ని లిపులకూ కలిపి ఇస్కీ అనే ఒకే పట్టిక తయారుచేసింది. 1991లో యూనికోడ్ ఆ వరసనే తీసుకొని ఒక్కో లిపికి 128 గళ్ల ఇల్లు కట్టింది. అన్ని ఇళ్లకూ ఒకటే నమూనా, గదులు ఒకేచోట. ఒక లిపిలో లేని అక్షరం ఉంటే ఆ గదికి తాళం.

తెలుగు ఇంట్లో అలా తాళం పడ్డ గది 3124. తమిళంలో ‘తమిళ్’ అనే మాట చివర నాలుక మడిచి పలికే శబ్దానికి కేటాయించిన చోటది. తెలుగుకు అక్కర్లేదనుకున్నారు. కానీ ఒకప్పుడు తెలుగుకూ ఆ అక్షరం ఉండేది: ఴ. రేనాటి చోళుల కాలపు శాసనాల్లో అది కనబడుతుంది. మొదటి తెలుగు శాసనంగా చెప్పుకునే క్రీ.శ. 575 నాటి కలమళ్ల శాసనం ఆ రాజులదే. కలమళ్ల ఉన్నదీ కడప జిల్లాలోనే, ఎర్రగుంట్ల మండలంలో. శాసనాలను ఉన్నదున్నట్టు టైపు చేయాలంటే ఆ అక్షరం కావాలి. 2014లో యూనికోడ్ 7.0 వచ్చినప్పుడు ఆ గది తాళం తీశారు. పొరుగింటి నమూనాతో ఇల్లు కట్టుకోవడం వల్ల వచ్చిన లాభం చూడండి, గది ముందే సిద్ధంగా ఉంది!

సంఖ్యలుంటే సరిపోదు. వాటిని చూసి వత్తులు, గుణింతాలు కూర్చి బొమ్మ గీసే పనివాడు ఒకడు కావాలి. విండోస్‌లో తెలుగుకు ఆ పనివాడు 2001లో ఎక్స్‌పీతో పాటు, గౌతమి ఫాంటును వెంటబెట్టుకుని వచ్చాడు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసి ఉచితంగా పంచిన పోతన2000, వేమన2000 ఫాంట్లు డెబియన్ అనే లినక్స్ పంపిణీలో చోటు సంపాదించుకున్నాయి. లినక్స్, ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్‌లలో కూర్పు పని చేసే హార్ఫ్‌బజ్ బహిరంగ కోడ్. ఆపిల్‌కు దాని సొంత పనివాడున్నాడు.

ఆ సొంత పనివాడు 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం చూసి మూర్ఛపోయాడు. అక్షరం ‘జ్ఞా’. తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చేస్తోందని ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. నిజానికి మామూలు ‘జ్ఞా’ అమాయకురాలు. అందులో నాలుగు సంఖ్యలుంటాయి: జ 3100, పొల్లు 3149, ఞ 3102, దీర్ఘం 3134. ఫోన్లను పడగొట్టిన కూర్పులో చివరి దీర్ఘానికి ముందు ఐదోది ఒకటి దాక్కుంది: 8204. తెరమీద కనబడని ఈ సంఖ్య, పక్క అక్షరాలు అతుక్కోకుండా ఆపే కంచె. అదేమీ వింత వస్తువు కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట్’ కింద వకారం వత్తుగా దూరిపోకుండా ఆపుతున్నది అదే. కంచె పెట్టకూడని చోట పెడితే ఏమవాలి? మహా అయితే అక్షరం వికారంగా కనబడాలి. ఆపిల్ పరికరాల్లో మాత్రం ఆ సందేశం చూపబోయిన యాప్ మొత్తం కుప్పకూలింది. మళ్లీ తెరిస్తే మళ్లీ కూలింది. బెంగాలీలోనూ ఇలాంటి కూర్పులు దొరికాయి. ఆకతాయిలు పేర్ల పక్కన ఆ అక్షరం పెట్టుకుని ఆడుకున్నారు.

ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ సరిచేసింది. ఈలోగా తెలుగు తెలిసిన ప్రోగ్రామర్ ఎంత గొప్పవాడైనా చేయగలిగింది ఏమీ లేదు. రాయి ఆపిల్‌ది, ఉలీ ఆపిల్‌దే. హార్ఫ్‌బజ్‌లో తెలుగు వత్తు ఒకటి పక్కకు జరిగిందనుకుందాం. వేంపల్లె కుర్రాడైనా కోడ్ తెరిచి చూడొచ్చు, దిద్దుబాటు రాసి పంపొచ్చు. పంపుతాడా అన్నది వేరే మాట. బహిరంగ కోడ్ అయినంత మాత్రాన లోపాలు వాటంతటవే పోవు, దిద్దేవాడు దొరకక ఏళ్ల తరబడి పడున్నవీ ఉంటాయి. తేడా అల్లా ఉలి గదికి తాళం ఉందా లేదా అన్నదే.

అయితే మన కంప్యూటర్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవాలి? ఈ ప్రశ్న 2025 అక్టోబరు 14 తర్వాత చాలా అంగళ్లలో వినబడింది. ఆ రోజుతో విండోస్ 10కు మామూలు భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొంచెం కొత్త ప్రాసెసర్ ఉండాలి. అంటే నడుస్తున్న మిషన్‌ను వయసు పేరు చెప్పి ఇంటికి పంపడం. అదే మిషన్‌లో లినక్స్ మింట్ లాంటిది 2 జీబీ మెమరీతోనూ కదులుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండానే ఒకపూట నడిపి చూడొచ్చు. పెళ్లిచూపులకు ఇంతకంటే వెసులుబాటు ఉండదు.

కానీ ప్రొద్దుటూరులో ట్యాలీలో లెక్కలు రాసే గుమాస్తాకు ఈ పెళ్లిచూపులతో పనిలేదు. ట్యాలీ విండోస్ కోసం తయారైంది, లినక్స్‌లో నేరుగా నడవదు. ఆయన ఎంచుకున్నది ట్యాలీని, విండోస్ దాంతోపాటు కట్నంగా వచ్చింది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లల సంగతి తిరగబడి ఉంటుంది. ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లూ 2017 నవంబరు నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. రేపు ఉద్యోగంలో ముట్టుకోబోయే సర్వర్లలో అత్యధికం నడిచేదీ దానిమీదే. కేరళ ప్రభుత్వ బడుల్లో ఐటీ పాఠాలు లినక్స్ మీదే చెబుతారు. మన దగ్గర హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో లినక్స్‌ను తయారుచేసింది. ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో బాస్ అనే లినక్స్‌ను విడుదల చేసింది. రక్షణశాఖ 2023లో ‘మాయ’ తెచ్చుకుంది. దేశవాళీ అని చెప్పుకునే ఈ మాయకు తల్లి ఉబుంటు అనే లినక్స్, అమ్మమ్మ 1993లో పుట్టిన డెబియన్. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దేశవాళీ అనే ముద్ర చూసి మురిసిపోవడం మాత్రం కాస్త తొందరపాటు.

విండోస్, లినక్స్‌లది ఉప్పూ నిప్పూ అనుకునే కాలమూ పోయింది. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను కేన్సర్‌తో పోల్చాడు. 2014లో ఆ కుర్చీలోకి వచ్చిన సత్య నాదెళ్ల, తండ్రి వైపు నుంచి అనంతపురం జిల్లా బుక్కాపురం మనిషి, మైక్రోసాఫ్ట్‌కు లినక్స్ అంటే ఇష్టమని అదే ఏడాది వేదికెక్కి చెప్పాడు. ఇవాళ విండోస్‌లోనే ఒక కమాండుతో లినక్స్‌ను దించుకుని నడుపుకోవచ్చు.

మళ్లీ అంగట్లోకి వెళ్దాం. డీటీపీ ఆపరేటర్ చిక్కు అందరికంటే పెద్దది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు ఆయన ఏళ్లుగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేస్తున్నాడు. అను వచ్చిన రోజుల్లో విండోస్‌కు తెలుగు రాదు. అందుకని ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. అప్పటికి అంతకంటే గతి లేదు, పైగా తెలుగు అచ్చును నిలబెట్టిందీ అదే. కంప్యూటర్ దృష్టిలో మాత్రం అది తెలుగే కాదు. ఆ పత్రికలోంచి వరుడి పేరు కంట్రోల్-సి కొట్టి వాట్సాప్‌లో కంట్రోల్-వి కొడితే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు రాలతాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి గానీ, వత్తులు సరిచూసుకోవడానికి మళ్లీ మనిషే కూర్చోవాలి.

అందుకే ఇలాంటి అంగళ్లలో రెండు మిషన్లు కనబడతాయి. మూలన ఒక పాత విండోస్ పెట్టె. దానికి ఇంటర్నెట్ తీగ ఉండదు. అను, పేజ్‌మేకర్, పదేళ్ల పెళ్లి పత్రికలు అందులో భద్రం. ముందు బల్లమీద ఇంకోటి, దరఖాస్తులకు, మెయిలుకు. దానిలో విండోస్ ఉన్నా లినక్స్ ఉన్నా వచ్చినవాళ్లు పట్టించుకోరు. రెండింటికీ మధ్య పెన్‌డ్రైవ్ తిరుగుతుంటుంది. ప్రొద్దుటూరు ప్రెస్సుకు పంపేటప్పుడు పత్రికను పీడీఎఫ్ చేస్తారు. ఫాంటు కూడా ఆ ఫైల్లోనే కూర్చుంటుంది గనుక ఏ సిస్టమ్‌లో తెరిచినా అక్షరం చెదరదు. పీడీఎఫ్‌ను 1993లో తెచ్చింది అడోబీ కంపెనీ. ఆ కంపెనీని 1982లో పెట్టిన జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ ఇద్దరూ అంతకుముందు పనిచేసింది జిరాక్స్ పార్క్‌లోనే.